మూడు దళాలు, పదిహేడు మంది

గురువారం పొద్దున భూదేవి అంగన్‌వాడీ నల్లబోర్డు తుడిచి, చేయవలసిన పనులు వరుసగా రాసుకుంది.

ఒకటి: లైబ్రరీ సారుకు ఉత్తరం.
రెండు: తల్లుల దగ్గరికి పోయి ఒప్పించి రావాలి.
మూడు: సోమవారం స్టేజీ దగ్గర బస్సు కాసేపు ఎక్కువ ఆపమని కండక్టర్ జలపతికి చెప్పాలి.
నాలుగు: పిల్లలు పట్టుకుని నడవడానికి తాడు. నీళ్ళు చేదే బాయి తాడు వద్దు, చేతులు గీరుకుంటాయి.
ఐదు: ఉడకబెట్టిన శనగ గుడాలు, బెల్లం.
ఆరు: బస్సెక్కే ముందు అందరూ ఒంటికి పోయి రావాలి.
ఏడు: పిల్లలను మూడు దళాలుగా చేయాలి.

ఆరో దాని కింద రెండు గీతలు గీసింది. మూడేళ్ళ అనుభవంలో ఆమెకు తెలిసిన సత్యాలలో అది మొదటిది.

ఆయా సాయవ్వ ఊడుస్తూ ఊడుస్తూ వచ్చి బోర్డు ముందు నిలబడింది. ఆమెకు చదువు రాదు. కానీ బోర్డు మీద ఏది రాసినా చదివించుకుని వినడం ఆమె హక్కు. భూదేవి అన్నీ చదివి వినిపించింది. ఏడోది వినగానే సాయవ్వ చేతిలోని చీపురు ఆగిపోయింది.

"ఏమన్నవ్ బిడ్డా? దళాలా?"

"అవు. పదిహేడు మందిని ఒక్కదాన్ని ఎట్ల సంబాళిస్త? చిన్న చిన్నగ విడగొట్టాలెనని ట్రైనింగుల చెప్పిండ్రు. తంగేడు దళం, గునుగు దళం, బంతి దళం. మంచిగ లేవా పేర్లు?"

"పేర్లకేమైంది, బతుకమ్మ పువ్వులాయె. గా ఎనక మాటనే బాగలేదు. గుంపు అని రాయరాదూ?"

"గుంపేంది, గొర్లకు అన్నట్టు. దళమంటే పువ్వు రేకు సాయవ్వా. బీఏల పద్యం కింద గిదే అర్థం రాసి రెండు మార్కులు తెచ్చుకున్న."

"మార్కులేసినాయన మన దిక్కు ఎన్నడన్న అచ్చిండా?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా సాయవ్వ మళ్ళీ ఊడవసాగింది.

అవి తొంభై, తొంభై ఒకటి నాటి రోజులు. కోరుట్ల నుంచి సిరిసిల్ల దాకా ఏ ఊరికి పోయినా తుపాకులతో అడవిలో తిరిగేవాళ్ళను జనం అన్నలు, అక్కలు అనేవారు. వాళ్ళు ఊర్లోకి వస్తే దళం వచ్చింది అనేవారు, అది కూడా పక్క మనిషికి మాత్రమే వినపడేటట్టు. వాళ్ళ వెనకే పోలీసు జీపు వచ్చేది. భూదేవికి ఇది తెలియక కాదు. అయితే అన్నల దళం వేరు, పువ్వు దళం వేరు అని ఆమె గట్టి నమ్మకం. నిఘంటువులో రెండు అర్థాలకూ వేర్వేరు అంకెలు వేసి ఉన్నాయి మరి.

ఆమె ఇంటిలో, వంశంలో కూడా, మొదటి బీఏ. తండ్రి హన్మంతు ఏ కాగితం మీదైనా బొటనవేలు అద్ది, వేలిని తలకు తుడుచుకునే మనిషి. పొలం పనులకు పోతూనే ఆమె పరీక్షలు రాసింది. పుస్తకాలన్నీ ఐదు కోసుల దూరంలోని వాగుపేట శాఖా గ్రంథాలయం నుంచే. రెండు గదులు, నాలుగు బీరువాలు, ఊగే ఫ్యాను. అప్పటి లైబ్రేరియన్ రిటైరై పోయాడు. కొత్తాయన వచ్చి నాలుగు నెలలు. ఈ నాలుగు నెలల్లో భూదేవి మూడుసార్లు వెళ్ళింది, మూడుసార్లూ తాళమే చూసింది. మూడోసారి తాళం పైన ఒక కాగితం కూడా కనిపించింది.

"పాఠకులు లేనందున, ఈ నెలాఖరులోగా రిజిస్టరులో కనీసం ముప్పై మంది పాఠకుల నమోదు లేనిచో ఈ శాఖలోని పుస్తకములు సిరిసిల్లకు తరలించబడును."

తాళం వేసిన తలుపు మీద పాఠకులు లేరని రాసిన కాగితాన్ని భూదేవి ఎండలో నిలబడి రెండుసార్లు చదివింది. పాఠకులు లేకపోవడానికి ఇంకో కారణమూ ఉంది. చదువుకున్న యువకుడు రిజిస్టరులో పేరు రాస్తే ఆ పేరు ఏ చేతికి పోతుందో, దేనికి రుజువవుతుందో అని తల్లులు భయపడి కొడుకులను పంపడం మానేశారు. మరి పేరు రాస్తే ఎవరికీ అనుమానం రాని పాఠకులు ఎవరున్నారు? భూదేవికి తన ముందు వరుసగా కూర్చుని ముక్కులు చీదుకుంటున్న పదిహేడు మంది కనిపించారు. పుస్తకాన్ని ముట్టుకుని, బొమ్మ చూసి, వేలిముద్ర వేస్తే పాఠకుడు కాదని ఏ రూలులోనూ లేదు. తనతో కలిపి పద్దెనిమిది. మిగతా పన్నెండు మందిని ఎక్కడి నుంచి తేవాలో ఆమెకు ఇంకా తోచలేదు. అయినా పద్దెనిమిది దగ్గర మొదలుపెట్టవచ్చు కదా.

అందుకని ఉత్తరం రాయడానికి కూర్చుంది. నీలం పెన్ను అయిపోయింది. ఉన్నది హాజరు పట్టీలో టిక్కులు పెట్టే ఎర్ర పెన్ను. పూర్తి కాగితం దండగని సగం చించింది.

"గౌరవనీయులైన గ్రంథాలయాధికారి గారికి,

వచ్చే సోమవారం పొద్దున పది గంటలకు మేము మీ దగ్గరికి వస్తున్నాము. మొత్తం పదిహేడు మంది, మూడు దళాలు: తంగేడు దళం, గునుగు దళం, బంతి దళం. మీరు తప్పక ఉండవలెను. తలుపులు తీసి ఉంచవలెను. చుట్టుపక్కల జనం గుమిగూడకుండా చూడగలరు. గుమిగూడితే మావాళ్ళు బెదురుతారు, బెదిరితే ఇక ఎవరి మాటా వినరు. తిండి మేమే తెచ్చుకుంటాము, తాగేందుకు నీళ్ళు ఉంటే చాలు. రిజిస్టరుతో మాకు పని ఉన్నది, దానిని సిద్ధంగా ఉంచవలెను. మిగతా సంగతులు ఎదురెదురుగా మాట్లాడుకుందాము.

ఇట్లు, భూదేవి."

పద్ధతి తెలిసిన మనిషి కనుక కవరు మీద అంగన్‌వాడీ రబ్బరు ముద్ర స్పష్టంగా వేసింది. మర్నాడు పొద్దున కోరుట్ల నుంచి సిరిసిల్ల పోయే బస్సు ఆపి జలపతి చేతిలో పెట్టింది.

"అన్నా, ఇది లైబ్రరీ సారుకు. ఆయన చేతికే ఇయ్యాలె."

"ఇస్తగని, సారు దొరుకుడే కష్టం గదా అక్కా," అన్నాడు జలపతి.

ఆ తర్వాత జరిగినదంతా భూదేవికి చాలా రోజుల మీద, తలా ఒక ముక్క చెప్పగా తెలిసింది.

జలపతి మంచివాడే. కానీ ఆ పొద్దున దారిలో పల్లీలు కొన్నాడు. పోసుకోవడానికి ఏమీ లేక ఉత్తరం బయటికి తీసి కవరులో పల్లీలు పోసుకున్నాడు. అంగన్‌వాడీ ముద్ర పల్లీపొట్టుతో పాటు కిటికీలోంచి పోయింది. లైబ్రేరియన్ పురుషోత్తం రావు వాగుపేట స్టేజీలోనే దొరికాడు. పొద్దున పదిన్నరకే జగిత్యాలకు తిరుగు బస్సు కోసం నిలబడి ఉన్నాడు.

"ఎవరిచ్చిండ్రయ్యా?" అని అడిగాడు ఆయన, నాలుగు మడతల కాగితాన్ని అటూ ఇటూ తిప్పుతూ.

"తొవ్వల ఒక అక్క బస్సాపి ఇచ్చింది సార్. మీ చేతికే ఇయ్యాలెనని మరీ మరీ చెప్పింది," అని జలపతి విజిల్ కొట్టాడు. బస్సు పోయింది.

పురుషోత్తం రావుది ఒకప్పుడు ఊరి మీద పెత్తనం చేసిన ఇల్లు. ఇప్పుడా ఊర్లో దొరల గడీ గోడలున్నాయి, మనుషులు లేరు. మనుషులంతా జగిత్యాలలో అద్దె ఇళ్ళలో ఉంటూ, వీధిలో కుక్క మొరిగితే లైటు ఆర్పుకుంటున్నారు. అలాంటి మనిషి చేతికి, బస్సాపిన అక్క పంపిన, సగం కాగితం మీది ఎర్ర సిరా ఉత్తరం వచ్చింది. మొదటి రెండు వాక్యాలు చదివేసరికి ఆయన వెనకనున్న కరెంటు స్తంభాన్ని పట్టుకున్నాడు. జగిత్యాల బస్సు వచ్చింది, పోయింది. ఆయన ఎక్కలేదు.

లైబ్రరీ పక్కనే రేషను దుకాణం. దాని డీలరు శ్యాంసుందర్ రావు ఆయనకు బావ వరస. దుకాణం తలుపు లోపల గడియ పెట్టి ఇద్దరూ ఉత్తరం చదివారు.

"'తిండి మేమే తెచ్చుకుంటాము' అన్నరు. ఎంత మర్యాదగ రాసిండ్రు బావా!" అన్నాడు పురుషోత్తం రావు.

"మర్యాదగ రాసిండ్రంటేనే భయపడాలె. తిట్టినోళ్ళు తిట్టి పోతరు. ఈ తంగేడు ఏంది, గునుగు ఏంది?"

"మారుపేర్లు. తంగేడంటే గుట్టల మీద తిరిగేటోళ్ళు. గునుగంటే చేన్లల్ల ఉండేటోళ్ళు."

"మరి బంతి?"

పురుషోత్తం రావు గొంతు తగ్గించాడు. "గుండ్రంగ ఉండేదేదో తెస్తున్నరు."

ఇద్దరూ లేచి గడియ సరిగ్గా పడిందో లేదో చూసి వచ్చారు. తర్వాత శ్యాంసుందర్ రావు అసలు ప్రశ్న అడిగాడు.

"రిజిస్టరు సిద్ధంగ ఉంచుమన్నరు. ఏ రిజిస్టరు? నీదా, నాదా?"

"ఉత్తరం నాకు గదా రాసింది."

"నీకే రాసిండ్రు. గని నీ రిజిస్టర్ల ఏమున్నదని అంత మంది వస్తరు? పుస్తకాలు దాస్తవా నువ్వు? చక్కెర దాచేటోన్ని నేను గదా!"

పోలీసులకు చెబితే అన్నలకు కోపం. చెప్పకపోతే పోలీసులకు కోపం. బాగా ఆలోచించి, ఎవరికీ చెప్పకూడదని తీర్మానించుకున్నారు. ఆ తీర్మానాన్ని శ్యాంసుందర్ రావు సాయంత్రంలోగా రిజిస్టర్లున్న వాళ్ళకు మాత్రం చెప్పాడు: దవాఖాన డాక్టరుకు, బడి హెడ్మాస్టరుకు, ఇంకా ఏడుగురికి. వాళ్ళు ఎవరికీ చెప్పవద్దంటూ ఇంకొందరికి చెప్పారు. ఆదివారం పొద్దెక్కేసరికి వాగుపేటలో ఆ సంగతి తెలియనిది దూడలకూ ఠాణాకూ మాత్రమే.

ఆ ఆదివారం వాగుపేటలో వింతలు జరిగాయి. రేషను దుకాణం తెరిచి, రెండు నెలల చక్కెర, కిరసనాయిలు ఇంటింటినీ పిలిచి పిలిచి పోశారు. ఏడాదిలో ఎన్నడూ రాత్రి నిలవని డాక్టరు దవాఖానలోనే పడక వేసుకుని, జ్వరం లేనివాళ్ళకు కూడా నాడి చూశాడు. హెడ్మాస్టరు సెలవు రోజని మరిచి బడి గంట కొట్టించాడు. పురుషోత్తం రావు లైబ్రరీ తాళం తీసి, నాలుగు నెలల దుమ్ము దులిపి, రెండు కొత్త కుండల్లో నీళ్ళు నింపాడు. పారిపోతే వెతుక్కుంటూ వస్తారని, రిజిస్టర్లున్న వాళ్ళంతా వాటిని పట్టుకుని సోమవారం లైబ్రరీలోనే ఉండాలని ఒప్పుకున్నారు.

ఠాణాలో హెడ్ కానిస్టేబుల్ రాజనర్సుకు ఎవరూ ఏమీ చెప్పలేదు. కానీ ఇరవై రెండేళ్ళ సర్వీసు ఆయనది. "ఊరంతా గింత మంచిగ నడుస్తున్నదంటే ఏదో గడబిడ ఉన్నది," అనుకున్నాడు. సోమవారం పొద్దున యూనిఫారం విప్పి, పంచె కట్టి, ఒక్కడే బయలుదేరాడు. కాళ్ళకు మాత్రం పోలీసు బూట్లే ఉన్నాయి. వేరే చెప్పులు ఆయనకు లేవు.

సోమవారం పది గంటలకు బస్సు వాగుపేటలో ఆగింది. మొదట భూదేవి దిగింది. మెడలో తాడు చుట్ట, చేతిలో గుడాల గిన్నె. చివరన ఎవరూ బస్సులో మిగిలిపోకుండా సాయవ్వ. మధ్యలో పదిహేడు మంది. అందరికీ నూనె రాసి దువ్విన తలలు, దళానికొక పువ్వు చొక్కాకు గుచ్చి ఉంది. శుక్ర, శని రెండు రోజులూ నేర్పిన పాఠం ఇప్పుడు పనికి వచ్చింది. భూదేవి బస్టాండు మధ్యలో నిలబడి గొంతెత్తి పిలిచింది.

"తంగేడు దళం!"

"హాజర్!" అన్నాయి ఆరు గొంతులు.

"గునుగు దళం!"

"హాజర్!"

"బంతి దళం!"

"హాజర్!" అని అందరికన్నా గట్టిగా అరిచింది గంగు. దానికి నాలుగేళ్ళు. తండ్రి దుబాయిలో ఉంటాడు. అంత దూరం వినపడేటట్టు మాట్లాడడం దానికి అలవాటు.

భూదేవి తల తిప్పి చూసేసరికి చాయ్ హోటలు స్టవ్వు మండుతూనే ఉంది, చాయ్ కాచేవాడు లేడు. సైకిలు చక్రం ఒకటి తిరుగుతూ ఉంది, సైకిలు మనిషి లేడు. బస్టాండులో కదిలేది జలపతి బస్సు ఒక్కటే. అది కూడా ఎన్నడూ లేనంత తొందరగా కదిలింది. పిల్లలు తాడు పట్టుకుని వరుసగా నడుస్తుంటే, మూసిన తలుపుల సందుల్లోంచి చేతులు జోడించిన దండాలు కనిపించాయి. ఒక కిటికీలోంచి మాట వినపడింది: "అక్కా, మా ఇంట్ల అంతా మంచిగనే ఉన్నది!"

"మంచిదే గదా!" అని జవాబు చెప్పింది భూదేవి.

సాయవ్వ తాడు కొస పట్టుకుని వెనక నుంచి అడిగింది. "బిడ్డా, మనకెందుకు దండాలు పెడుతున్నరు?"

"అంగన్‌వాడీ మీద జనానికి గౌరవం పెరిగింది సాయవ్వా."

"గంత ఒక్కసారే పెరుగుతదా?"

లైబ్రరీ తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. భూదేవికి గడప మీదనే కళ్ళు చెమ్మగిల్లాయి. బీరువాల అద్దాలు మెరుస్తున్నాయి. కుండల మీద కొత్త మూతలు. పొడవాటి బల్ల మీద ఒకటి కాదు, పదకొండు రిజిస్టర్లు వరుసగా, పెండ్లిలో విస్తర్లు పరిచినట్టు పరిచి ఉన్నాయి. మనిషి మాత్రం ఒక్కడే. మూలన కుర్చీలో ఎవరో పంచె కట్టుకున్న పెద్దమనిషి ముఖానికి అడ్డంగా పేపరు పట్టుకుని కూర్చున్నాడు.

"సారూ! లైబ్రరీ సారూ!" అని పిలిచింది భూదేవి.

ఫ్యాను కిర్రుకిర్రుమంది. గంగు వంగి బల్ల కిందికి చూసింది.

"పంతులమ్మా, ఇక్కడ కాళ్ళున్నయ్!"

ఆ తర్వాత ఆపడం ఎవరి తరమూ కాలేదు. పదిహేడు మందికీ తెలిసిన ఆట ఒకటే, దాగుడుమూతలు. పెద్దవాళ్ళు ఇంత చక్కగా దాక్కుని తమ కోసం ఎదురుచూస్తుంటే పిల్లలు తాడు పట్టుకుని నిలబడతారా? తాడు నేల మీద పడింది. మూడు దళాలు మూడు దిక్కులకు పోయాయి.

"దొరికిండు! ఒకాయన దొరికిండు!" బల్ల కింద నుంచి శ్యాంసుందర్ రావు ధోవతి చెంగు బయటికి వచ్చింది.

"నిన్ననే పంచిన! మొత్తం పంచిన! అడుగుండ్రి, ఊరంతా అడుగుండ్రి!" కళ్ళు మూసుకునే అరిచాడు ఆయన.

"దొరికినోళ్ళు బయటికి రావాలె. గదే ఆట," అని గంగు ఆయన చేయి పట్టి లాగింది.

బీరువా వెనక నుంచి డాక్టరు, "నేను రాత్రి కూడ ఇక్కడనే ఉన్న!" అంటూ వచ్చాడు. రెండో గదిలో హెడ్మాస్టరు దొరికాడు. తలుపు చాటున ముగ్గురు దొరికారు. చివరికి గునుగు దళం నీళ్ళ కుండల వెనక నుంచి పురుషోత్తం రావును పట్టుకొచ్చింది. ఆయన చొక్కా సగం తడిసింది. దాగినవాళ్ళు పదకొండు మంది బల్లకు అటువైపు వరుసగా నిలబడ్డారు. గంగు అప్పటికి మూలన కుర్చీ దగ్గరికి చేరింది.

"తాతా, నువ్వు గూడ దొరికినవ్. పేపరు ఉల్టా పట్టుకున్నవ్."

పేపరు కొంచెం దిగింది. మీసాలు కనిపించాయి. "నీకు సదువస్తదా?" అని అడిగాయి మీసాలు.

"రాదు. గా బొమ్మల బస్సు చక్రాలు మీదికున్నయ్ గదా!"

పురుషోత్తం రావు అతి కష్టం మీద నోరు విప్పాడు. "అమ్మా, మీరే గదా భూదేవి? దళాలు... ఎక్కడి దాక అచ్చినయ్?"

"అచ్చినయ్ గద సార్. ఇగో. తంగేడు ఆరుగురు, గునుగు ఆరుగురు, బంతి ఐదుగురు. మొత్తం పదిహేడు. రాసిన గదా."

పదకొండు జతల కళ్ళు కిందికి దిగి పిల్లల చొక్కాల మీది పువ్వుల దగ్గర ఆగాయి.

"బంతి..." అన్నాడు శ్యాంసుందర్ రావు.

"ఇగో బంతి," అని గంగు తన పువ్వు తీసి ఆయన చేతిలో పెట్టింది.

ఆయన దాన్ని చూశాడు. అందరినీ చూశాడు. మూడు రోజులుగా గుండెలో ఉన్న భయమంతా ఒక్కసారి కోపమై ఎగదన్నింది. "ఏమమ్మా! నువ్వు రాసిన ఒక్క ఉత్తరానికి రెండు నెలల చక్కెర ఊరికి పంచిన!"

"ఏ ఉత్తరం?"

ఆ ప్రశ్న మూలన కుర్చీ నుంచి వచ్చింది. పేపరు మడతపెట్టి పెద్దమనిషి లేచాడు. పంచె కింద బూట్లు చప్పుడు చేశాయి. హెడ్ కానిస్టేబుల్ రాజనర్సును గుర్తుపట్టి అందరూ ఒక అడుగు వెనక్కి వేశారు.

"ఏ ఉత్తరం? ఎవలు రాసిండ్రు? గిన్ని రిజిస్టర్లు పట్టుకొని, ఇంత మంది, ఎవల కోసం దాక్కున్నరు?"

అన్నల కోసం అని చెబితే జీపు వస్తుంది. రిజిస్టర్లు, మనుషులు అన్నీ ఠాణాకు పోతాయి. పురుషోత్తం రావు తడిసిన జేబులోంచి ఎర్ర సిరా ఊరుతూ ఉంది. దాన్ని చూడగానే భూదేవికి అంతా అర్థమైంది. దండాలు, ఖాళీ బస్టాండు, బంతి, అన్నీ. సాయవ్వ ముఖం చూడడానికి ఆమెకు ధైర్యం చాలలేదు. ఒక్క మాట అటూ ఇటూ అయితే ఈ తలుపుకు ఈసారి పడేది పోలీసు తాళం. పుస్తకాలు సిరిసిల్లకు కూడా పోవు. తాను ఎక్కడికి పోవలసి వస్తుందో ఆమె ఆలోచించదలచుకోలేదు. కానీ అబద్ధం ఎలా మొదలుపెట్టాలో ఆమెకు ఎన్నడూ తెలియదు.

"ఉత్తరం నేను రాసిన సార్. పిల్లలను తీసుకొస్తున్నని రాసిన," అని పురుషోత్తం రావు జేబులోంచి కాగితం తీసి, విప్పి, ఆయన చేతికి ఇచ్చింది.

రాజనర్సు చదివాడు. ఈసారి పేపరును పట్టినట్టు కాకుండా సరిగ్గానే పట్టుకున్నాడు. పైనుంచి కిందికి ఒకసారి, మళ్ళీ ఒకసారి. 'తిండి మేమే తెచ్చుకుంటాము' దగ్గర తల ఎత్తి చూశాడు. సాయవ్వ గిన్నె మూత తీసి బంతి దళానికి గుడాలు పెడుతూ ఉంది. 'బెదిరితే ఇక ఎవరి మాటా వినరు' దగ్గర మళ్ళీ తల ఎత్తాడు. తంగేడు దళంలో ఒకడు హెడ్మాస్టరు కాళ్ళ మధ్య నుంచి దూరిపోతున్నాడు. రాజనర్సు మీసాల కొసలు రెండూ అదిరాయి. ఆయన గోడ వైపు తిరిగి, భుజాలు కదిలేటట్టు చాలాసేపు దగ్గాడు.

తిరిగేసరికి ముఖం మళ్ళీ పోలీసు ముఖమే.

"సరే. ఉత్తరం పిల్లల గురించి. మరి మీరంతా ఎందుకచ్చిండ్రు? నేను పైకి రాయాలె. ఏమని రాయాలె?"

డాక్టరు డీలరును చూశాడు. డీలరు చేతిలోని పువ్వును చూశాడు.

"సదువుకోను అచ్చిండ్రు సార్," అంది భూదేవి. "లైబ్రరీకి ఇంకెందుకొస్తరు?"

"ఔనౌను! సదువుకోనే!" అన్నాయి పదకొండు గొంతులు. పిల్లల కన్నా కలిసికట్టుగా అన్నాయి.

"సదువుకోను అచ్చినోళ్ళు సంతకం పెట్టరా?" అని అడిగాడు రాజనర్సు. "రిజిస్టరు ఏది?"

పది రిజిస్టర్లు చటుక్కున వెనక్కి పోయాయి. ఒకటే మిగిలింది, పాఠకులది. తెరిస్తే ఈ నెల పేజీ కొత్తగా సున్నం వేసిన గోడలా ఉంది. భూదేవి మొదట తన పేరు రాసింది. తర్వాత రేషను దుకాణంలోని సిరా దిమ్మ తెప్పించి, పదిహేడు బొటనవేళ్ళు ఒక్కొక్కటే పట్టి అద్దింది. సిరా వేళ్ళు చొక్కాలకు, చొక్కాల నుంచి డాక్టరు తెల్ల ప్యాంటుకు పాకాయి. తర్వాత పెద్దలు పది మంది వరుసగా సంతకాలు చేశారు. పక్క గడిలో పుస్తకం పేరు రాయాలి కనుక, అందిన పుస్తకాన్ని అందినట్టు తీశారు. శ్యాంసుందర్ రావుకు తేనెటీగల పెంపకం దొరికింది. పురుషోత్తం రావు కూడా పెన్ను అందుకోబోతే రాజనర్సు ఆపాడు.

"మీరు ఇక్కడి జీతగాళ్ళు. మీది చెల్లది."

భూదేవి లెక్కపెట్టింది. ఇరవై ఎనిమిది. మళ్ళీ లెక్కపెట్టింది. అదే ఇరవై ఎనిమిది. నెలాఖరు రేపే. ఆమె తలుపు వైపు చూసింది. వీధిలో పురుగు కూడా లేదు. ఉండకుండా చూడమని తనే ఉత్తరంలో రాసింది.

"ఏందట్ల చూస్తున్నవ్?" అంది సాయవ్వ. "పొద్దటి సంది తాడు కొస పట్టుకొని నడిచిన. నేను మనిషిని గానా?"

ఆమె తన బొటనవేలు తానే సిరాలో ముంచి, పేజీ మీద గట్టిగా నొక్కింది. ఇరవై తొమ్మిది. "పుస్తకం?" అని అడిగితే, "బొమ్మలున్నది," అంది.

ఇక గదిలో మిగిలింది ఒకే ఒక్కరు. అందరూ ఆయన వైపు తిరిగారు.

"నేను డ్యూటీ మీద ఉన్న," అన్నాడు రాజనర్సు.

"పేపరు చదివిండ్రు గద సార్," అంది భూదేవి.

"ఉల్టా చదివిన."

"ఉల్టా చదివినా చదివినట్టే సార్, రూలుల ఎక్కడ లేదు," అని పురుషోత్తం రావు ఉద్యోగంలో చేరిన తర్వాత మొదటిసారి రూలు గురించి మాట్లాడాడు.

గంగు ఆయన పంచె లాగింది. "తాతా, దొరికినోళ్ళంత పెట్టాలె. గదే ఆట."

రాజనర్సు సంతకం చేశాడు. ముప్పై.

పై వారం జిల్లా ఆఫీసు నుంచి ఇన్‌స్పెక్షన్ వచ్చింది. ఒకే రోజు ముప్పై మంది పాఠకులను చూసి వచ్చినాయన అద్దాలు తుడుచుకున్నాడు. పుస్తకాలు ఎక్కడికీ కదలలేదు. తీసుకున్న పుస్తకాలు పదిహేను రోజులకు తిరిగి ఇవ్వాలి కనుక పెద్దలంతా మళ్ళీ వచ్చారు. చదువుకోవడానికే వచ్చామని పోలీసు ముందు చెప్పారు కనుక మళ్ళీ తీసుకోక తప్పలేదు. మూడో నెలకు శ్యాంసుందర్ రావు దొడ్లో నిజంగానే రెండు తేనె పెట్టెలు వెలిశాయి. రిజిస్టరులో హెడ్ కానిస్టేబుల్ సంతకం ఉందని తెలిశాక తల్లులు కొడుకులను పంపడం మొదలుపెట్టారు. ఆయన పేరు కింద తమ పేరు రాసుకుంటే ఎవరు అడుగుతారు? పురుషోత్తం రావు పది గంటలకే తలుపు తీస్తున్నాడు. ఇంకో ఉత్తరం ఎప్పుడు వస్తుందో ఎవరికి తెలుసు? ప్రతి నెలా మొదటి సోమవారం మూడు దళాలు తాడు పట్టుకుని వచ్చేవి. గంగు అక్కడే అక్షరాలు నేర్చింది. దాని పక్కన కూర్చుని, పిల్లను చూసుకుంటున్నానన్న నెపంతో, ఇంకొకరు కూడా నేర్చుకున్నారు. ఏడాది తర్వాతి పేజీలో వేలిముద్ర ఉండవలసిన చోట వంకరటింకరగా మూడు అక్షరాలున్నాయి: సాయవ్వ.

చదువుతున్న మీకు ఒక మనవి. ఎప్పుడైనా ఏ లైబ్రరీలోనైనా రిజిస్టరు మీద సంతకం పెట్టేటప్పుడు సాయవ్వను ఒక్కసారి గుర్తుచేసుకోండి. గుంపు అని రాయమని ఆమె ముందే చెప్పింది. ఆమె మాట విని ఉంటే ఆ రోజు అంతా సవ్యంగా జరిగేది, లైబ్రరీ సిరిసిల్లకు పోయేది.